బూడిదలో పోసిన నీళ్ళు

విస్కాన్సిన్ నుంచి రెండు విమానాలు, మూడు రైళ్ళు మారి
బవేరియా అడవి అంచున మా చర్చి పుస్తకాల గదికి వచ్చాడు.
పేరు లైల్ బ్రెన్నర్.
స్వెట్టరు మీద స్వెట్టరు. చేతిలో చల్లారిపోయిన కాఫీ.
మా వంశానికి డాలు ఉండేదా అని అడిగాడు,
దాని మీద సింహమో, గద్దో?

అందరూ అదే అడుగుతారు.
పందొమ్మిదేళ్ళుగా ఈ బీరువాల తాళాలు నా నడుముకే ఉన్నాయి,
మా తాత చేతులు ఎందుకు పగిలేవని
ఒక్కరూ అడగలేదు.

ఎలుకలు కొరికిన తోలు అట్ట తెరిచాను.
బ్రెన్నర్ అనేది సగమేనండీ.
మొదటి ముక్క ఎక్కడో రాలిపోయింది.
ఆషెన్‌బ్రెన్నర్.
బూడిద కాల్చేవాడు.

నవ్వబోయి ఆగాడు.
బూడిదని ఎవరైనా కాలుస్తారా?

కాల్చేది అడవిని.
గాలికి కూలిన బీచ్ మానుల్ని, పురుగు తిన్నవాటిని,
ఏ వడ్రంగికీ అక్కరలేనివాటిని.
ఆ బూడిద తొట్టెల్లో నింపి, పైన వాగునీళ్ళు.
బూడిదలో పోసిన నీళ్ళు వృథా అనే మాట
ఈ కొండల్లో చెల్లదు.
అవి గోధుమరంగు తిరిగి బొట్లు బొట్లుగా దిగుతాయి,
ఇనుప బానలో రాత్రంతా మరిగితే
అడుగున ఇంత కారుప్పు.
బండెడు కట్టెకి గుప్పెడు.
అది లేనిదే గాజు కొలిమిలో ఇసుక కరగదు.
అదిగో ఆ కిటికీ చూడండి, ఆకుపచ్చ, లోపల బుడగలు.

తనకి తాను పెట్టుకున్న పేరు కాదు.
ఊళ్ళో ముగ్గురు యోర్గులు,
పన్ను రాసేవాడికి తికమక:
మిల్లు యోర్గా, కుంటి యోర్గా,
దగ్గుతూ వస్తాడే, ఆ బూడిద యోర్గా?
ఎగతాళి సిరాలో పడి ఆరిపోయింది.

తర్వాత వచ్చిన ఫాదర్లు ఒక్కొక్కరూ
చెవికి తోచినట్టు రాశారు.
ఒకాయన చివరి అక్షరం మింగేశాడు.
సిరా గడ్డకట్టిన ఒక జనవరిలో
అసలు పేరే లేదు:
"బూడిదవాడి బిడ్డ, ఆడ, ఒక్కరోజు."

1711 దగ్గర నా వేలు ఆగింది.
చెప్పనా, వద్దా?
యోర్గ్ మనవడు మాను కింద పడి పోయాడు.
భార్య వాల్బుర్గా పది నెలలకి
కొండ అవతలి బొహీమియా నుంచి వచ్చిన
వెంట్సెల్ హ్రుష్కాని పెళ్ళాడింది.
అతను ఇల్లరికం వచ్చాడు.
తొట్టెలు ఆవిడవి, బాన ఆవిడది, పేరూ ఆవిడ గుమ్మానిదే.
పిల్లలందర్నీ ఆషెన్‌బ్రెన్నర్లుగానే రాయించింది,
కింద సంతకానికి మూడు గీతలు గీసి.
మీరు ఆ రెండో పెళ్ళి సంతానం.

హ్రుష్కా అంటే?
చెక్ భాషలో బేరిపండు.

ఈసారి నిజంగానే నవ్వాడు,
కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సినంత.
నవ్వు తగ్గాక, కాఫీ కప్పుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

మా ఇంట్లో ఒక పాత పాలక్యాను ఉంది.
దాని మీద బ్రెన్నర్ అని ఎర్ర అక్షరాలు,
వాటికి ముందు జానెడు మేర గీరిన చోటు.
తుప్పనుకున్నాను ఇన్నాళ్ళూ.
మా తాత ఓటో ఎప్పుడూ చెప్పేవాడు కాదు గానీ
పద్దెనిమిదిలో, యుద్ధం నాటి ఒక రాత్రి,
కొట్టం తలుపంతా ఎవరో పసుపు రంగు పులిమారని
అత్త ఒకసారి అంది.
జర్మన్లన్న మాట అప్పుడు తిట్టు.
పొద్దున్నే ఆయన తలుపు కడగలేదట.
ముందు క్యాన్ల దగ్గరికి వెళ్ళాడట, ఉలి తీసుకుని.

గదిలో హీటరు కాసేపు టిక్కుటిక్కుమంది.
డాలు సంగతి మళ్ళీ ఎత్తలేదు.
వాల్బుర్గా గీసిన మూడు గీతల పేజీ
కాపీ కావాలన్నాడు.

రెండు యూరోలు. ఇక్కడ సంతకం చెయ్యండి.

రసీదు పుస్తకం దగ్గరికి లాక్కుని
పెన్ను పైకెత్తి చాలాసేపు కూర్చున్నాడు.
చివరికి బ్రెన్నర్ అనే రాశాడు,
గీతకి బాగా కుడిపక్కగా,
ముందు జానెడు చోటు వదిలి.